నాలుగడుగుల దూరంలో ఆయమ్మ

మొన్న మా కొట్లో కెమెరాలు బిగించారు. అన్నయ్య కొడుకు ఏడాదిగా అడుగుతున్నాడు, నేనే ఏదో ఒకటి చెప్పి వాయిదా వేస్తూ వచ్చాను. బెజవాడ నుంచి వచ్చిన మెకానిక్కు కౌంటరు మీద బొమ్మల కాగితం పరిచి రెండు రకాలు చూపించాడు. గొట్టంలా పొడుగ్గా ఉండేదైతే అది ఎటు చూస్తోందో వచ్చినవాళ్ళకి తెలుస్తుందట, జాగ్రత్తగా ఉంటారట. బోర్లించిన గిన్నెలా ఉండేదైతే ఎటు చూస్తోందో ఎవరికీ తెలియదట, దొరికిపోతారట.

"మీకు వాళ్ళు జాగ్రత్తపడటం కావాలాండీ, దొరకటం కావాలాండీ?" అని అడిగాడు.

మావాడు తడుముకోకుండా "దొరకాలి" అన్నాడు.

నిచ్చెనెక్కిన మెకానిక్కు చీరల అరల పక్కన గోడకి డ్రిల్లు పెట్టబోతూ ఆగాడు. "ఇక్కడేదో పాత ఇనప కొక్కెం ఉందండి, సున్నంలో కూరుకుపోయింది. పీకెయ్యమంటారా?"

నేను తలెత్తి కొక్కెం వైపు చూశాను. మావాడే పీకెయ్యమన్నాడు. ఆ కొక్కేనికి ఒకప్పుడు మేం అద్దం వేలాడదీసిన సంగతి వాడికి తెలియదు, అది వాడు పుట్టకముందు మాట. ఆ అద్దం కింద కూర్చున్న మనిషి గురించి అసలే తెలియదు.

ఆమె పేరు నాకు తెలుసు, రాయను. తిరువూరులో ఎవరూ ఆమెని పేరు పెట్టి పిలవలేదు. ఆసుపత్రిలో చాలా ఏళ్ళు ఆయాగా చేసింది కాబట్టి అందరికీ ఆయమ్మ. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు పురిటినొప్పుల్లో గట్టిగా పట్టుకున్నది ఆమె చెయ్యే. పెద్దపిల్ల పుట్టినప్పుడు మా వదిన పట్టుకున్నదీ ఆ చెయ్యే.

డెబ్బైల మధ్యలో సంగతి. నాన్న పోయాక అన్నయ్య పొలం కౌలుకిచ్చి మెయిన్‌రోడ్డు మీద ఈ బట్టల కొట్టు పెట్టాడు. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. డిగ్రీ తప్పి ఇంటికొచ్చి అన్నయ్య చాటున బతుకుతున్నవాణ్ణి. పెళ్ళిళ్ళ రోజుల్లో గంపలగూడెం నుంచి, నెమలి నుంచి, వినగడప నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. ఒక్కో పెళ్ళి బట్టలకి పదిహేను మంది. తెల్ల దుప్పట్లు పరిచిన పరుపుల మీద వాళ్ళు గుండ్రంగా కూర్చుంటే మధ్యలో చీరల గుట్ట లేచేది. జనం వెళ్ళాక మడతలు పెడుతుంటే ఒకటో రెండో తగ్గేవి. ఎవరి ఒళ్ళో నుంచి జారి ఎవరి పమిట కిందకి పోయాయో ఎవరికి తెలుసు? పెళ్ళివాళ్ళని అనుమానించి ఒక్క మాట అంటే ఆ ఊరు ఊరంతా మళ్ళీ మన మెట్లెక్కదు.

అద్దం పెడదామన్నది అన్నయ్యే. ఇద్దరం బెజవాడ వెళ్ళి వన్‌టౌన్‌లో అద్దాల కొట్లన్నీ తిరిగాం. మంగలిషాపుల్లో పెట్టే నిలువుటద్దం ఒకాయన చూపించాడు. అది ఎదురుగా ఉన్నదాన్ని తప్ప పక్కన ఉన్నదాన్ని చూపించదు. ఇంకొకాయన లోపలి నుంచి ఉబ్బెత్తు అద్దం ఒకటి తీసుకొచ్చాడు. భోజనం పళ్ళెం అంత ఉంది. దాంట్లో ఆ కొట్టూ, బయట రోడ్డూ, రిక్షాలూ అన్నీ కుదించుకుపోయి ఒక్కచోటికి వచ్చాయి. అన్నయ్య దాని ముందు అటూ ఇటూ నడిచాడు. తర్వాత నన్ను దూరంగా నిలబెట్టి, తువ్వాలు చొక్కాలో దాచమన్నాడు. దాచాను. "దొరికావురా దొంగా" అని పెద్దగా నవ్వాడు. ఆ అద్దాన్ని గోనెసంచిలో చుట్టి, తిరువూరు వచ్చేదాకా బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

దాన్ని బిగించి, ఎంత వంచాలో తేల్చుకోవటానికి ఒక పూట పట్టింది. తీరా పెట్టాక జరిగింది వేరు. ఆడవాళ్ళు దాని కిందకి వచ్చి బొట్టు సర్దుకునేవాళ్ళు. పమిట భుజాన వేసుకుని రంగు నప్పిందో లేదో చూసుకునేవాళ్ళు. మేం వాళ్ళని చూస్తుంటే వాళ్ళూ మమ్మల్ని చూసేవాళ్ళు. చీరలు పోతూనే ఉన్నాయి.

"ఆడవాళ్ళ ఒళ్ళోకి మీరు తేరిపారా చూస్తే బాగుంటుందా? అద్దంలో చూసినా అంతే," అన్నది వదిన ఒకరోజు. "ఒక ఆడమనిషిని కూర్చోబెట్టండి. ఆయమ్మ ఆసుపత్రి మానేసి ఖాళీగానే ఉంది."

అన్నయ్య కాస్త ఆలోచించాడు. ఆయమ్మ ఊరి బయట పల్లెలో మనిషి, చర్చికి వెళ్ళే మనిషి. కొత్తబట్ట ముట్టుకుంటే పాతకాలం వాళ్ళు ఏమంటారోనని అతని సందేహం. వదిన చురుగ్గా చూసింది. "నా ప్రాణం మీదకొచ్చినప్పుడు ముట్టుకున్న చెయ్యే అది" అంది. మరుసటి సోమవారం ఆయమ్మ వచ్చింది.

సన్నగా, ఎత్తుగా ఉండేది. తెల్లచీర. బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. మేం స్టూలు వేస్తే దాన్ని పక్కకి జరిపి, అద్దం కింద గోడకి ఆనుకుని గోనెపట్టా వేసుకుని కూర్చుంది. కత్తిరించగా మిగిలిన గుడ్డపీలికలు అడిగి తీసుకుని, పసిపిల్లల బొంతలు కుట్టేది. కుడుతూ ఒక్కసారీ సూది వైపు చూడగా నేను చూడలేదు. కళ్ళు ఎక్కడో జనం మధ్య తిరుగుతుండేవి. ఆ కళ్ళలో అనుమానం ఉండేది కాదు. వార్డులో మంచాల మధ్య నడుస్తూ ఎవరికి నొప్పి ఎక్కువైందో చూసే చూపు అది.

మొదటి వారంలోనే ఒక పెద్దింటి ఆవిడ వచ్చింది. మెడలో చంద్రహారం, వెంట నలుగురు ఆడవాళ్ళు. నేను గద్దె మీద ఉన్నాను. ఆయమ్మ ఉన్నట్టుండి సూదిని భుజం మీది గుడ్డకి గుచ్చి లేచింది. జనం మధ్యలోంచి మెల్లగా వెళ్ళి ఆవిడ చెవి దగ్గర వంగింది.

"అమ్మా, కుచ్చెళ్ళు జారినయ్యి. లోపలికి రా తల్లీ, సర్దుతా."

వెనక గోనెపట్టా తెర కట్టిన చిన్న గది ఉండేది. ఆవిడ లేచి ఆమె వెంట వెళ్ళింది. రెండు నిమిషాలకి ఇద్దరూ వచ్చారు. ఆవిడ మొహం ఎర్రగా ఉంది, ఆయమ్మ మొహం మామూలుగా ఉంది. ఆ సాయంత్రం మడతలు పెడుతుంటే వెనకగదిలో గుట్ట మీద నీలం పట్టుచీర ఒకటి కనిపించింది. అది అక్కడ ఉండాల్సింది కాదు.

"ఆవిడేనా ఆయమ్మా? ఆవిడే తీసిందా?" అని అడిగాను.

"తీసిందెవరు బాబూ? చీర ఉందిగా" అంది.

అది మొదలు, నెలకి మూడు నాలుగు సార్లు ఎవరివో కుచ్చెళ్ళు జారుతుండేవి. జారినవాళ్ళు మళ్ళీ మా కొట్టుకే వచ్చేవాళ్ళు, సరాసరి ఆయమ్మ దగ్గరికి వెళ్ళి బాగున్నావా అని పలకరించేవాళ్ళు. ఒక్క చీర పోలేదు. ఒక్క దొంగా దొరకలేదు.

ఆదివారం ఆమె రాదు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆ ఒక్కరోజూ రమ్మని అన్నయ్య బతిమాలితే, "ఆదివారం నా కళ్ళకి సెలవు పెద్దబాబూ" అనేది. చర్చిలో మొదటి నుంచి చివరిదాకా కళ్ళు మూసుకునే కూర్చుంటుందని వాళ్ళ వీధివాళ్ళు చెప్పారు. ఎందుకని నేనడిగితే, "ఆరు రోజులు చూసిందంతా దించుకోవాలి గదా నాయనా, మోసుకుని తిరగలేం గదా" అంది.

ఏడాది గడిచేసరికి అన్నయ్యకి అసహనం మొదలైంది. పేర్లు కావాలి అతనికి.

"ఎవరెవరు తీస్తున్నారో చెప్పు ఆయమ్మా. వాళ్ళని మెట్లెక్కనివ్వకుండా చూసుకుంటాను."

"నాకు పేర్లు గుర్తుండవు పెద్దబాబూ."

"తిరువూరు చుట్టుపక్కల ఎవరికి ఎప్పుడు కాన్పయిందో చెబుతావు, పేర్లు గుర్తుండవా? నిన్ను పెట్టుకుంది దొంగల్ని పట్టుకోవటానికి."

ఆయమ్మ బొంత కుడుతూనే అంది, "చీరలు పోకుండా ఉండటానికి అనుకున్నాను బాబూ."

అన్నయ్య ఆమెని ఏమీ అనలేక నా మీదకి తిరిగాడు. "నువ్వూ ఉన్నావు. పొద్దస్తమానం అద్దం ఎదురుగా కూర్చుంటావు. ఏడాదిలో ఒక్కరిని పట్టావా? నీకు అద్దమిచ్చినా ఒకటే, గోడ ఇచ్చినా ఒకటే." పక్కన నలుగురు కొనేవాళ్ళున్నారు. వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నాలో ఉండిపోయింది.

అది జరిగిన వారానికి, మాఘమాసం, మంచి ముహూర్తాల రోజులు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. వినగడప నుంచి ఒక పెళ్ళివారు వచ్చారు. ముసలావిడ పెత్తనం, ఆమె కూతుళ్ళు, ఆడపడుచులు, చివరగా ఒక కోడలు. పద్దెనిమిది, ఇరవై మధ్య ఉంటుందేమో. ఉంటుందేమో అంటున్నాను, ఎందుకంటే ఆ పిల్ల మొహం నేను చూడలేదు. అద్దంలో నాకు కనిపించింది ముసుగులా కప్పుకున్న పమిట, గాజుల చెయ్యి, ఆ చేతిలో ఎర్ర జాకెట్టు ముక్క. చెయ్యి ఒకసారి ఆగింది. మళ్ళీ కదిలింది. ముక్క పమిట కిందకి వెళ్ళింది.

ఇక్కడ నేను నిజం చెప్పాలి. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, పోయేముందు అన్నయ్యకి కూడా చెప్పలేదు. ఆ అద్దంలోనే నాకు ఇంకొకటి కూడా కనిపించింది. ఆయమ్మ అప్పటికే లేచింది. సూది భుజాన గుచ్చుకుంది. జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ ఆ పిల్ల వైపు నడుస్తోంది. ఇంకో క్షణంలో చెవి దగ్గర వంగి కుచ్చెళ్ళు జారాయంటుంది. ఆ ముక్క వెనకగదిలోకి వెళుతుంది, పిల్ల తిరిగొచ్చి కూర్చుంటుంది, సాయంత్రం అన్నయ్య మళ్ళీ నన్ను అదే మాట అంటాడు. ఇదంతా నాకు ఆ క్షణంలోనే తట్టింది.

అందుకే అరిచాను.

"దొంగ! ఆ అమ్మాయిని పట్టుకోండి, పమిట కింద ఉంది!"

కొట్టంతా నిలబడిపోయింది. గుమాస్తా ఒకడు దూకాడు. ముసలావిడ వెనక్కి తిరిగి, ఏమిటో అడక్కుండానే కోడలి పమిట లాగింది. ఎర్రముక్క దుప్పటి మీద పడింది. ఆవిడ అందరి ముందూ ఆ పిల్లని రెండు చెంపలూ వాయించింది. పిల్ల ఏడవలేదు. రెండు మోకాళ్ళ మధ్య తలపెట్టి ముడుచుకుపోయింది. నాకు కనిపించింది నడినెత్తి మీద పాపిడి, అంతే. బయట రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు మెట్లెక్కి తొంగిచూశారు. ఐదు నిమిషాల్లో వాళ్ళు ఒక్క గుడ్డముక్క కొనకుండా బండెక్కి వెళ్ళిపోయారు.

అన్నయ్య నా భుజం తట్టాడు. "ఇన్నాళ్ళకి" అన్నాడు. ఆ రెండు మూడు నిమిషాలూ నేను సంతోషంగా ఉన్నాను. అది కూడా చెప్పాలి.

ఆయమ్మ వంగి ఎర్రముక్క తీసుకుంది. దులిపి, మడతపెట్టి, జాకెట్టు ముక్కల అరలో దాని చోట దాన్ని పెట్టింది. తర్వాత నా దగ్గరికి వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను.

"నాలుగడుగుల దూరంలో ఉన్నాను బాబూ" అంది.

నేను చూశానని ఆమెకి తెలుసు. అద్దంలో నేను ఆమెని చూసినప్పుడు ఆమె కూడా నన్ను చూసి ఉంటుంది.

నాలుగోరోజున వినగడప నుంచి పాలుపోసే అతను కబురు తెచ్చాడు. ఆ కోడలు కనపడటం లేదట. పుట్టింటికి పొమ్మని పంపేశారట, పుట్టింటికి చేరలేదట. ఆయమ్మ కుడుతున్న బొంత చుట్టి పక్కన పెట్టింది.

"చిన్నబాబూ, నువ్వు రావాలి" అంది. ఎక్కడికని నేను అడగలేదు.

గంపలగూడెం దాకా బస్సులో వెళ్ళి, అక్కడి నుంచి నడిచాం. దారి పొడుగునా పత్తిచేలు. ఆమె ముందు, నేను వెనక. వాళ్ళ వాకిట్లోకి వెళ్ళేసరికి ఆ పిల్ల తండ్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు, ఖమ్మం వైపు ఏదో ఊరు నుంచి కబురందుకుని వచ్చాడు. భర్త అనే కుర్రవాడు గొడ్లచావిడిలో పలుపుతాడు పేనుతున్నాడు. పేనిందే విప్పి మళ్ళీ పేనుతున్నాడు. ఊళ్ళో బావులన్నీ గాలించారని, ఏమీ దొరకలేదని చెప్పారు.

అత్తగారు ఆయమ్మని గుర్తుపట్టింది. "నా చిన్నకూతురి కాన్పు చేసింది నువ్వే గదా" అంటూ ఏడ్చింది. "రెండు దెబ్బలు కొట్టాను ఆయమ్మా, అంతే. మొగుడు మాట్లాడలేదని అలిగింది. పోతే పుట్టింటికి పో అన్నాను. నిజంగా పోతుందనుకోలేదు."

"ఆ రోజు ఆ పిల్లకి ఏం కొందామనుకున్నారమ్మా?" అని అడిగింది ఆయమ్మ.

ఆడపడుచు ఒకామె తల దించుకుని అంది, "దానికి పెళ్ళినాటి చీరలున్నాయిగా అనుకున్నాం."

నేను గుమ్మం బయటే నిలబడిపోయాను. ఆ పిల్ల ఆరేసిన లంగా ఇంకా దండెం మీద ఉంది. ఎవరూ దాన్ని తియ్యలేదు. అరిచింది నేనేనని ఆయమ్మ వాళ్ళకి చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

తిరిగొస్తుంటే గంపలగూడెంలో సోడాకొట్టు అతను చెప్పాడు, అలాంటి పిల్ల ఒకతె మొన్న పొద్దున తిరువూరు బస్సెక్కిందని. చేతిలో సంచి కూడా లేదట. అంటే మా ఊరికే వచ్చింది. మా ఊరి బస్టాండులోనే దిగి ఉంటుంది. అక్కడి నుంచి బెజవాడ బస్సెక్కిందో, ఖమ్మం బస్సెక్కిందో, సత్తుపల్లి వైపు వెళ్ళిందో ఎవరూ చూడలేదు.

మర్నాడు ఆయమ్మ కొట్టుకి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. అన్నయ్య మనిషిని పంపితే దండం పెట్టి పంపించిందట. వారం తిరిగేసరికి బస్టాండులో సిమెంటు బల్ల మీద, పక్కన వేయించిన వేరుశనక్కాయల గంపతో కూర్చుని ఉంది.

"ఇక్కడెందుకు ఆయమ్మా?" అని అడిగాను.

"పోయినవాళ్ళు ఎప్పుడన్నా వస్తే ఈడనే గదా బాబూ దిగాలి" అంది.

నాలుగేళ్ళు కూర్చుంది. పొద్దున మొదటి బస్సు నుంచి దీపాలు పెట్టేవేళ దాకా. కాయలు కొలిచి పొట్లం కట్టేది, కళ్ళు మాత్రం బస్సు తలుపు దగ్గర ఉండేవి. దిగే ప్రతి ఆడమనిషి మొహం మీదా ఒక క్షణం ఆగి పక్కదాని మీదకి వెళ్ళేవి. ఆదివారం కూడా వచ్చేది. చర్చి మానేసింది. పాస్టరుగారు వచ్చి అడిగితే, "ఇప్పుడు సెలవు లేదయ్యా" అందట.

నేను ఆ వైపు వెళ్ళటం మానేశాను. బెజవాడ వెళ్ళాలంటే ఊరి చివర దాకా నడిచి అక్కడ బస్సాపి ఎక్కేవాణ్ణి. కొట్లో అద్దం వైపు తలెత్తేవాణ్ణి కాదు. ఒక ఏడాది పెళ్ళిళ్ళ రోజుల్లో నేనే దాన్ని తీసి అటక మీద పెట్టాను. అన్నయ్య ఎందుకని అడగలేదు. అద్దం తీశాక కూడా ఏ ఇరవై ఏళ్ళ ఆడపిల్ల మెట్లెక్కి వచ్చినా గుమాస్తాకి అప్పజెప్పి వెనకగదిలోకి వెళ్ళేవాణ్ణి. ఆ పిల్ల అయితే? ఎదురుగా నిలబడి ఫలానా రంగు చూపించమని అడిగితే? నాకు తెలియదు కదా. మొహం తెలిసినది ఒక్క ఆయమ్మకే.

డెబ్బైలు ముగుస్తున్నాయనగా ఆమె దగ్గర నుంచి కబురొచ్చింది, చిన్నబాబుని ఒకసారి రమ్మని. వెళ్ళాను. దగ్గరికి వెళ్ళేదాకా నన్ను గుర్తుపట్టలేదు. రెండు కళ్ళలోనూ పొర కమ్మింది.

"శుక్లాలు ఆయమ్మా. ఆపరేషన్ చేయిస్తాను, పద" అన్నాను.

"చేయిద్దువుగానిలే. ఆ పది రోజులూ కట్టు కట్టుకుని పడుకుంటే ఈడ ఎవరుంటారు?" అంది. తర్వాత బల్ల మీద చోటు చూపించింది. "కూచో. గుర్తుపెట్టుకో. నుదురు చిన్నది. కనుబొమ్మలు రెండూ కలిసినట్టు ఉంటయ్యి. గడ్డం కింద చిన్న గాటు, చిన్నప్పుడు పడ్డదేమో. మెడ సన్నం. నవ్వితే ఎట్టుంటదో నాకు తెలవదు, నవ్వటం నేను చూడలా."

రెండుసార్లు నా చేత చెప్పించుకుంది.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం కొట్లో రద్దీ తగ్గాక వెళ్ళి ఆమె పక్కన కూర్చునేవాణ్ణి. బస్సు వచ్చినప్పుడల్లా దిగినవాళ్ళని చెప్పేవాణ్ణి. ఆకుపచ్చ చీర, నలభై ఏళ్ళుంటాయి. టీచరమ్మలా ఉంది, గొడుగుంది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఒకేలాంటి జడలు. ప్రతిదానికీ ఆమె కాదన్నట్టు తల తిప్పేది. ఊళ్ళో నవ్వుకున్నారు. అన్నయ్య ఒకసారి దూరంగా నిలబడి చూసి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి వేసవి ఆమె చూడలేదు. జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. అంతకు కొన్ని నెలల ముందు నేను ఇంకో పని చేశాను, అదీ చెప్పాలి.

వాన పడుతోంది. ఆమె బల్ల మీద తడుస్తూ కూర్చుంది, లోపలికి రమ్మంటే రాలేదు, లోపలి నుంచి బస్సు చప్పుడు సరిగ్గా వినపడదట. దగ్గుతోంది. గంపలో కాయలు నానిపోయాయి. నాకు ఇక భరించటం చేతకాలేదు. సత్తుపల్లి బస్సు వచ్చింది, నలుగురు మగవాళ్ళు దిగారు, వెళ్ళిపోయింది. అప్పుడు ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఆయమ్మా, వచ్చింది. ఆ పిల్లే. కలిసిన కనుబొమ్మలు, గడ్డం కింద గాటు. చంకలో పిల్లాడున్నాడు. మంచి చీర కట్టుకుంది. పక్కన మొగుడు కాబోలు, గొడుగు పట్టాడు. బాగుంది ఆయమ్మా, సుఖంగా ఉంది."

ఆమె చెయ్యి నా చేతిలో బిగుసుకుంది. "నిన్ను చూసిందా?"

"చూసింది."

"చూసి?"

అంతదాకా బాగానే చెప్పాను. ఇంకా బాగుండాలని ఒక మాట ఎక్కువ చెప్పాను.

"నవ్వింది."

ఆమె పొర కమ్మిన కళ్ళు నా వైపు తిప్పి చాలాసేపు అలాగే ఉంచింది.

"నిన్ను చూసి నవ్విందా, చిన్నబాబూ" అంది.

అడిగినట్టు లేదు ఆ గొంతు. నా మాట నాకే తిరిగి ఇచ్చినట్టుంది. ఎవరిని చూసి నవ్వినా ఆ పిల్ల నన్ను చూసి నవ్వదు. అది నాకు తట్టలేదు, ఆమెకి తట్టింది. అయినా అబద్ధమని అనలేదు. నా చేతిని మెల్లగా విడిపించి, నా మోకాలి మీద పెట్టి, రెండుసార్లు తట్టింది. "మంచిది నాయనా. తడుస్తున్నావు, ఇంటికెళ్ళు" అంది.

ఇంటికెళ్ళాను. ఒకవేళ నమ్మిందేమో, రేపటి నుంచి హాయిగా ఇంటిపట్టున ఉంటుందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. మర్నాడు వాన వెలిసింది. బస్టాండుకి వెళ్ళాను. ఆమె అదే బల్ల మీద, పొడి గుడ్డ పరుచుకుని, మొహం రోడ్డు వైపు పెట్టి కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడు పోల్చుకుని కాస్త పక్కకి జరిగింది.

మలుపు దగ్గర హారన్ మోగింది.

"ఖమ్మం బస్సు" అంది. "చెప్పు బాబూ. ఉన్నదున్నట్టు చెప్పు."

బస్సు ఆగింది. ముందు ఒక ముసలమ్మ దిగిందని చెప్పటం మొదలుపెట్టాను.